అక్క వదలనివి

పోయిన ఆదివారం ఆరాధన సగంలో మా చర్చి కొత్త పాస్టరు అయ్యగారు వేదిక మీద నుంచి నా వైపు చూసి, "ఇయ్యాల పెద్దాయన సాక్ష్యం చెప్తడు, అందరు మంచిగ ఇనుండ్రి" అన్నారు. ఆయన మా సంఘానికి వచ్చి నెల కూడా కాలేదు. నేను సాక్ష్యం బాగా చెబుతానని ఎవరో ఆయనకు చెప్పి ఉంటారు. నేను లేవలేదు. మోకాలు పట్టేసిందన్నట్టు చేత్తో సైగ చేసి కూర్చుండిపోయాను. నా మోకాలికి ఏమీ కాలేదు. మందిరంలో కూర్చుని చేసిన ఆ అబద్ధపు సైగకు ఇంటికి వచ్చాక క్షమాపణ అడిగాను గానీ, ఎందుకు లేవలేదో అయ్యగారికి ఇంకా చెప్పలేదు. సంఘంలో పాతవాళ్లకు తెలుసు. వాళ్లు తలలు వంచుకుని పాటల పుస్తకాల్లోకి చూశారు. నేను చివరిసారి సాక్ష్యం చెప్పింది ఈ మెదక్‌లోనే ఒక సర్కారు ఆఫీసులో, మేడ మీద, టకటకమని కొట్టుకునే ఫ్యాను కింద. అక్కడ నా మాటలను ఒకాయన కాగితం మీద రాసుకున్నాడు. ఆ సంగతి ఎన్నాళ్లుగానో రాయాలనుకుంటున్నాను.

సాక్ష్యం అంటే ఏమిటో తెలియని వాళ్లు ఇది చదవవచ్చు కాబట్టి చెబుతాను. ఒక విశ్వాసి పదిమంది ముందు లేచి నిలబడి, ప్రభువు తన బతుకులో ఏం చేశాడో చెప్పడమే సాక్ష్యం. దానికి ఒక వరుస ఉంటుంది. ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చేస్తుంది. మొదట నేను ఎలాంటి చీకట్లో ఉన్నానో చెప్పాలి. తర్వాత ప్రభువు ఎలా పిలిచాడో చెప్పాలి. ఆ తర్వాత నేను ఏమేమి వదిలిపెట్టానో చెప్పాలి. మూడో భాగానికి వచ్చేసరికి వింటున్నవాళ్లు "స్తోత్రం" అనడం మొదలుపెడతారు. ఎన్ని వదిలితే అన్ని స్తోత్రాలు. బీడీ వదిలిన వాడికి ఒకటి వస్తే, సారా వదిలిన వాడికి నాలుగు వస్తాయి. నేను బీడీ కూడా తాగి ఎరగను. పన్నెండేళ్లకే మెదక్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటూ విశ్వాసినయ్యాను. అంతకుముందు పాపం చేయడానికి నాకు పెద్దగా తీరిక దొరకలేదు. సాక్ష్యంలో చెప్పుకోవడానికి నాకంటూ ఏమీ లేక, మా తండావి చెప్పేవాణ్ణి. తీజ్ పండుగ వదిలామని, భవానికి మేకను కోయడం వదిలామని, హోలీ ఆటలు వదిలామని, ఎదురుపడితే రాం రాం అనుకోవడం వదిలామని. ముప్పై ఏళ్లలో ఆ జాబితా పెరుగుతూ పోయింది. పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టరును, బడిలో ఎంత జాగ్రత్తగా ఉండేవాణ్ణో మందిరంలో అంత జాగ్రత్తగా లేను.

మేము లంబాడీలం. మా తండా టేక్మాల్ రోడ్డులో బస్సు దిగి లోపలికి నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది. మాలో మేము మమ్మల్ని గోర్ అనుకుంటాం. మా వాళ్లు కాని వాళ్లందరూ, కోటీశ్వరుడైనా కలెక్టరైనా, కోర్. ఇంట్లో మాట్లాడుకునే భాషకు లిపి లేదు, మేం కూడా దాని కోసం పెద్దగా వెతకలేదు. నేను హైస్కూల్లో ఉండగా సర్కారు మమ్మల్ని ఎస్టీల జాబితాలో చేర్చింది. అంతకుముందు దాకా ఆంధ్రా వైపు జిల్లాల్లో ఉన్న మా చుట్టాలు ఎస్టీలు, మేము కాదు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు వాళ్లు మా మీద కాస్త బెట్టు కూడా చేసేవాళ్లు. మమ్మల్ని చేర్చిన సంగతి నేను పేపర్లో చదివి చెబితే మా బాపు "మరి నిన్నటిదాంక మనం ఎవలం?" అని అడిగాడు. ఆ జాబితా వల్లనే నేను మాస్టరునయ్యాను. దేవుని దయ అని సాక్ష్యంలో చెప్పేవాణ్ణి, దేవుని దయే. కానీ ఆ దయ ఒక కాగితం మీదుగా వచ్చిందని, ఆ కాగితంలో లంబాడి అని ఉండబట్టే వచ్చిందని ఎప్పుడూ చెప్పలేదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది, చేయి పట్టుకుని నడిపించుకుంటూ మెదక్ తీసుకొచ్చి హాస్టల్లో దించిపోయింది. చాలా ఏళ్ల తర్వాత నేనే అక్కకూ బావకూ సువార్త చెప్పాను. అక్క విన్నది, ఒప్పుకున్నది, బాప్తిస్మం తీసుకున్నది. ఏ పేచీ లేదు. పేచీ అంతా తర్వాత వచ్చింది. అద్దాలు కుట్టిన రవిక, కుచ్చుల పేటియా లంగా, మోచేతి పైదాకా తెల్లటి బలియా గాజులు - వీటితోనే మందిరానికి వచ్చేది. పట్నం అలవాట్లున్న మా సంఘం ఆడవాళ్లు తెల్లచీర కట్టుకుని రమ్మని నెమ్మదిగా చెప్పి చూశారు. "ప్రభువు నన్ను పిలిచినప్పుడు గివే తొడుక్కొని ఉన్న. రేపు గుర్తుపట్టకుంటే ఎట్ల?" అన్నది అక్క. మేమిద్దరం మాట్లాడుకునేది మా భాషలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. తెలుగులో ఆ మాటల కారం కొంచెం తగ్గుతుంది.

అక్కకు సాక్ష్యం చెప్పడం చేతకాలేదు. ఒకసారి అందరూ బలవంతపెడితే లేచి నిలబడి, "ప్రభువు మా ఇంటికి వచ్చిండు. నేను ఇంట్లనే ఉన్న. కూసోమన్న" అని చెప్పి కూర్చున్నది. అందరూ నవ్వారు. నేను సిగ్గుపడ్డాను. వదిలినవేవో రెండు చెప్పి ఉంటే బాగుండేదని ఇంటికి వెళ్తూ దారిలో అన్నాను. "ఏం వదలాలె భియా?" అని అడిగింది. భియా అంటే తమ్ముడు. నిజంగానే తెలియక అడిగింది. శ్రావణంలో తండాలో పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించే తీజ్ పండుగకు అక్క పూజలో కూర్చునేది కాదు గానీ, ఆ పిల్లలకు బుట్టలు అల్లి ఇచ్చేది తనే. ఎందుకని నేను గద్దిస్తే, గోధుమ మొలిపించేది ఎవరని నన్నే తిరిగి అడిగేది. పాత పెళ్లిపాటల రాగాల్లో ప్రభువు పేరు పెట్టి పాడేది. పొరుగింట్లో చావైతే మా పద్ధతిలోనే ఏడ్చేది, ఏడుస్తూ చనిపోయిన వాళ్ల ఏడు తరాలు చెప్పేది. రాం రాం అన్నవాళ్లకు రాం రాం అనేది, వందనాలన్న వాళ్లకు వందనాలనేది. ఏటా తీజ్ రోజుల్లో నేను పనిగట్టుకుని తండాకు వెళ్లి అక్క ఇంట్లో ప్రార్థనలు పెట్టేవాణ్ణి. అక్క బుట్టలల్లుతూనే ఆమెన్ అనేది.

తండాలను ఊళ్ల కింద నుంచి విడదీసి వాటికవే గ్రామ పంచాయతీలు చేసినప్పుడు మా తండా కూడా పంచాయతీ అయింది. సర్పంచి సీటు ఎస్టీ మహిళకు వచ్చింది. అంతకుముందు మా పేర్లు పక్క ఊరి పంచాయతీలో ఉండేవి. ఆ ఊరి చావడిలో మా వాళ్లు గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు. ఈసారి మా కుర్చీలు మావి. అక్క పోటీ చేస్తానన్నది. అందరూ ఆశ్చర్యపోయారు, బావ అందరికంటే ఎక్కువ. అక్కకు ఒకే ఒక పని మీద మనసుండేది. మా పిల్లలు మూడేళ్లకు అంగన్‌వాడీకి వెళ్తే అక్కడి ఆయమ్మ తెలుగు తప్ప మాట్లాడదు. పిల్లలకు నీళ్లడగడం కూడా రాదు. లాగుల్లోనే పోసుకుంటారు, దెబ్బలు తింటారు, నెలకే అక్కడికి పోనంటారు. బడికి వచ్చేసరికి మొండివాళ్లని పేరు పడుతుంది. మాస్టరుగా నేను ఆ పేరు ఎంతమందికి పెట్టానో నాకు తెలుసు. మా భాష మాట్లాడే ఆయాను పెట్టించాలని అక్క పంతం. దానికి సర్పంచి కావాలని ఎవరో చెప్పారు, అంతే.

గుర్తు కత్తెర వచ్చింది. ఇంటింటికీ తిరిగి నిజం కత్తెరే ఎత్తి చూపించింది. చిన్నపిల్లలు జుట్టు కత్తిరించడానికి వచ్చిందనుకుని మంచాల కింద దూరారు. సంతకం రాకపోతే కుదరదని నేనే పలక మీద మూడు వారాలు నేర్పాను. అక్క పేరులో మూడే అక్షరాలు. అందులో ఒకదానికి వట్రసుడి ఉంది. "గా తోక ఎందుకు పెట్టిన్రు నా పేరుకు?" అని ప్రతిసారీ తిట్టుకుంటూ పెట్టేది. పదకొండు ఓట్లతో గెలిచింది. ఓడిపోయింది పాత నాయక్ కుటుంబం కోడలు. తరతరాలుగా తండా పెద్దరికం వాళ్లది. ఆమె మామ మాకు దూరపు మామ వరసే అవుతాడు, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని సంతకు తీసుకెళ్లినవాడు.

మొదటి గ్రామసభకు నేను వెళ్లాను. పంచాయతీ సెక్రటరీ చేగుంట వైపు కుర్రాడు, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని కూర్చున్నాడు. అక్క నిలబడి మా భాషలో మొదలుపెట్టింది. మా ముసలివాళ్లు, ఆడవాళ్లు, ఎన్నడూ సభలో నోరు తెరవని వాళ్లు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు. సెక్రటరీకి చెమటలు పట్టాయి. "అమ్మా, జర తెలుగుల చెప్పుండ్రి, నేను మినిట్స్ రాయాలె" అన్నాడు. "ఇన్నేండ్లు మీరు తెలుగుల చెప్తుంటె మేం కూసున్నం గద సారూ. ఒక్క దినం మీరు కూసోండ్రి" అన్నది అక్క. అతను మంచివాడు, నవ్వి కలం మూత పెట్టాడు. సభ అయ్యాక నేను తెలుగు చేసి చెబితే రాసుకున్నాడు. ఆయా కోసం తీర్మానం అందులో మొదటిది. కింద అక్క సంతకం, తోకతో సహా.

ఏడాది తిరగకుండానే అక్క కుల ధ్రువీకరణ పత్రం మీద ఫిర్యాదు పడింది. మతం మారినందువల్ల ఆమె మా తెగ మనిషి కాదని, కాబట్టి ఆ సీటులో ఉండే హక్కు లేదని. పెట్టింది ఆ మామే. మెదక్ బస్టాండులో నాకు ఎదురుపడ్డాడు. తప్పించుకుపోలేదు, చాయ్ తాగుదాం రమ్మన్నాడు. "మీ దేవుని మీద నాకు కోపం లేదు మాస్టరూ. సీటు మీదనే కోపం" అన్నాడు. ఇది అన్యాయం మామా అన్నాను. "నువ్వు గూడ గదే కాగితం మీద నౌకరి చేసినవ్ గద. నీ జోలికి నేను వస్తలేను. కని ఆదివారం నువ్వు మైకుల ఏమంటవ్? అన్ని ఇడిసిపెట్టినం అంటవ్. నేను గదే రాసిన, కొత్తగ ఏం రాసిన?" అన్నాడు. నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. మామ నాది కూడా ఊది తాగి వెళ్లిపోయాడు.

మేం పెట్టుకున్న వకీలు ఫిర్యాదు చూసి భయపడాల్సింది ఏమీ లేదన్నారు. మతం మారినంత మాత్రాన ఎస్టీ కాకుండా పోరట. తెగ ఆచారాలు, కట్టుబాట్లు, తెగతో కలయిక పూర్తిగా తెంచుకున్నారా లేదా అన్నదే చూస్తారట. "మీ అక్కను చూస్తె చాలు మాస్టరు గారూ, ఇంక వేరే సాక్ష్యమెందుకు? అడిగిన దానికి జవాబు చెప్పుండ్రి. ఎక్కువ చెప్పొద్దు" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఎక్కువ చెప్పొద్దంటే ప్రభువు గురించి చెప్పొద్దనే కదా అనుకున్నాను. అధికారుల ముందు నిలబడవలసిన గడియ విశ్వాసికి వస్తుందని, ఆ గడియలో ఆయన్ను ఎరగనని అనకూడదని వాక్యంలో చదివి, పిల్లలకు చెప్పి, పాటల్లో పాడి పెరిగినవాణ్ణి. నాకు ఆ గడియ వచ్చిందనుకున్నాను. ప్రభువు ఎవరో ఎరగనని చలిమంట దగ్గర బొంకిన శిష్యుణ్ణి తలుచుకుని నేనలా కాకూడదని మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. అక్క ఉపవాసం ఉండలేదు, విచారణ రోజు పొద్దున మా ఇంట్లో జొన్నరొట్టె తిని బయల్దేరింది. నన్ను చూసి, "ఆకలితోని ఆఫీసుకు పోతే కండ్లు తిరుగుతయ్ రా" అని కూడా చెప్పింది.

విచారణ అధికారి మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. కుటుంబం తరఫున ఎవరు మాట్లాడతారంటే అక్క నా వైపు చూపించింది. చదువుకున్నవాణ్ణి, పెద్దమాటలు తెలిసినవాణ్ణి. అక్కను ఒక్కటే అడిగాడు, "మరి ఈ బట్టలు ఏందమ్మా?" అని. "నాకు వేరేయి లెవ్వు సారూ" అన్నది అక్క. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. నేను అందుకుని, "బట్టలదేముంది సార్, మనసు మారింది" అన్నాను. ఆయన తల పైకెత్తి, "మీరు ఎప్పుడు క్రైస్తవులయ్యారు, చెప్పండి మాస్టారూ" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. ఎవరూ లేవమనలేదు. సాక్ష్యం కూర్చుని చెప్పడం నాకు అలవాటు లేదు. మొదట చీకటి గురించి చెప్పాను. తర్వాత పిలుపు గురించి చెప్పాను. మూడో భాగం దానంతటదే వచ్చేసింది. మా కుటుంబం తీజ్ వదిలింది, భవానిని వదిలింది, బలి వదిలింది, పాటలు వదిలింది, మా పెళ్లి పద్ధతి, చావు పద్ధతి వదిలింది, పాత బతుకుతో మాకు సంబంధం లేదు అన్నాను. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. ఆయన ఒక్క ముక్క వదలకుండా రాసుకుంటున్నాడు, మధ్యలో "కాస్త నెమ్మదిగా" అన్నాడు. నేను నెమ్మదించాను. స్తోత్రం అనేవాళ్లు లేకపోయినా ప్రభువు వింటున్నాడనుకున్నాను, ఆనందంతో కళ్లు చెమర్చాయి కూడా. పక్కన అక్క తల వంచి కళ్లు మూసుకుంది. నా సాక్ష్యం తను వందసార్లు విన్నది; మొదలుపెట్టగానే అలవాటుగా ప్రార్థనలోకో నిద్రలోకో వెళ్లిపోయేది. నేను ముగించగానే ఆమెన్ అన్నది. అధికారి కాగితం తిప్పి, "మీ తమ్ముడు చెప్పింది మీకు సమ్మతమేనా?" అని అడిగితే, "మా భియా చెప్పినంక ఇంకేంది" అని మూడు అక్షరాలూ పెట్టింది. వట్రసుడి దగ్గర ఆగి, సరిగ్గా ఉందా అని నా ముఖం చూసింది. నేను ఉందన్నాను.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఆచారాలన్నీ పూర్తిగా వదిలిపెట్టినట్టు స్వయంగా ఒప్పుకుని సంతకం చేసినందున ఆమె లంబాడి తెగకు చెందినట్టు పరిగణించలేమని పత్రం రద్దు చేశారు. దాని వెనకే సీటు పోయింది. వకీలు నా వాంగ్మూలం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అవతలి వకీలుకు పైసలిచ్చి రాయించినా గింత బాగ రాయకపోవు మాస్టరు గారూ" అన్నారు. అప్పీలు వేశారు. అప్పీలు హైదరాబాదులో ఉంది. అంటే ఎప్పుడో అని.

అక్క ఆ ఉత్తర్వు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పేటియా కుచ్చులు సర్దుకుని గడప దగ్గరే కూర్చున్నది. అందులో ఏముందో మళ్లీ చదవమన్నది. చదివాను. నేను చెప్పిన జాబితా దగ్గర ఆపమన్నది. "గిందుల నేను ఇడిసిపెట్టినయి ఏవి రా?" అని అడిగింది. పూజ, బలి తప్ప ఏదీ లేదు. ఆ సంగతి ఆ గడప దగ్గర, ఒక్కొక్కటీ వేలు మడిచి లెక్కపెట్టే దాకా నాకు తోచలేదు. "నేను అబద్ధం చెప్పలేదక్కా" అన్నాను. "చెప్పినవంటున్ననా?" అన్నది. ఉత్తర్వు నా చేతిలోంచి తీసుకుని, "నీయి నువ్వు చెప్పుకుంటె అయిపోవు. నాయి గూడ ఎందుకు చెప్పినవ్ భియా?" అన్నది. అన్నం పెడితే తిన్నది. తిని, నా కంచం కూడా కడిగి పెట్టి, బస్సుకు వెళ్లిపోయింది.

తర్వాత చాలా దినాలు నేను ప్రభువుతో వాదించాను. నీ పేరు దాచలేదు కదా, బొంకలేదు కదా, మరి నా అక్కను ఎందుకిలా చేశావని. జవాబు రాలేదు. వచ్చింది ఒకరోజు ఆదివారపు బడిలో, పిల్లల చేత ఆజ్ఞలు వల్లె వేయిస్తుంటే. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞకు ఒక చిన్నపిల్ల లేచి, "పొరుగోడంటె అక్క గూడ వస్తదా తాతా?" అని అడిగింది. వాళ్ల అక్క ఏదో చాడీ చెప్పిందట, దాని గొడవ దానిది. వస్తుందని చెప్పి, పాఠం అక్కడితో ఆపేశాను. అధికారుల ముందు ప్రభువును కాదనకూడదని ఎంత భయపడ్డానో, అక్కను కాదంటున్నానని అంత తెలియలేదు. స్తోత్రాల కోసం ముప్పై ఏళ్లు పెంచుకుంటూ వచ్చిన జాబితా అది. మందిరంలో అది ఎవరికీ నష్టం చేయలేదు, అందరికీ తెలిసిన అతిశయోక్తి. నేను దాన్ని మేడ మీది ఆఫీసుకు మోసుకుపోయాను. విశ్వాసం మీద నాకు అనుమానం రాలేదు, ఈనాటికీ లేదు. నా నోటి మీద వచ్చింది. అసలు ఎస్టీలే కారని మా లంబాడీలందరినీ జాబితా నుంచి తీసేయమనేవాళ్లు ఒకవైపు, మాలో క్రైస్తవులైన వాళ్లను తీసేయమనేవాళ్లు ఇంకోవైపు టీవీలో అరుస్తుంటే, మావాళ్లు నా వైపు చూస్తారు. నేను లేచి ఛానెల్ మారుస్తాను.

తండాలో సభలు మళ్లీ తెలుగులోకి వచ్చాయి. అక్క స్థానంలో కూర్చున్న వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, వీధి లైట్లు వేయించారు. ఆయా తీర్మానం సంగతి అడిగితే అది పాత సర్పంచిది, ఆమె ఎన్నికే చెల్లలేదు కాబట్టి అదీ చెల్లదన్నారు. అక్క గ్రామసభకు వెళ్లి వెనక నిలబడేదట. మాట్లాడబోతే ఎవరో కుర్రాడు, "నీకు ఇక్కడ ఏం పని పెద్దమ్మా, నువ్వు మనదానివే కాదని సర్కారే రాసిచ్చింది గద" అన్నాడట. నవ్వులాటకే అన్నాడట. అద్దాల రవికతో, బలియాలతో ఆ సభలో ఉన్నది అక్క ఒక్కతే. మిగిలిన ఆడవాళ్లు చీరల్లోకి మారి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత అక్క సభలకు వెళ్లలేదు. బావ పోయినప్పుడు బలియాలు తీసేశారు, అదీ మా ఆచారం ప్రకారమే. ఎవరూ రాసుకోవడానికి రాలేదు.

అప్పీలు తీర్పు ఈమధ్య వచ్చింది. పదవీకాలం అయిపోయి, తర్వాతి ఎన్నికలు కూడా జరిగిపోయాక వచ్చింది. సీటు ఈసారి మహిళలకు లేదు. అక్క అప్పటికి మా ఇంట్లోనే ఉంది. షుగర్ వల్ల చూపు మందగించి, దవాఖానలో చూపించడానికి తీసుకొచ్చాను. తీర్పు ఇంగ్లీషులో ఉంది. నేను మా భాషలోకి మార్చి చదవబోయాను. పుట్టుక, సముదాయం, గుర్తింపు - ఏ మాటకూ మా భాషలో మాట దొరకలేదు, నాకు తడుముకోవలసి వచ్చింది. అక్క ఓపిగ్గా విన్నది.

"నేను లంబాడిదాన్నే అని రాసిన్రా?"

"రాసిండ్రు అక్కా. పుట్టినప్పటి సంది. ఎన్నడు కాకుండ పోలేదని రాసిండ్రు."

"మంచిది" అన్నది. కళ్లలో మందు వేసుకుని ఉంది, మూసుకునే మాట్లాడుతోంది. "నేను తీర్మానం రాయించినప్పుడు మూడేండ్ల పోరగాండ్లు ఉండిరి గద, తొమ్మిదిమంది. ఇప్పుడు ఏ తరగతి వాండ్లు?"

లెక్కపెట్టి చెప్పాను. నాలుగు, ఐదు.

"మంచిగ చదువుతున్నరట. మొన్న మా ఇంటి ముంగట ఆడుతుంటె పిలిచిన. నేను మన మాటల అడిగితే, తెలుగుల జవాబు చెప్పిన్రు" అన్నది.

కాగితం అక్కకు తన పుట్టుకను వెనక్కి ఇచ్చింది, అందులో ఒక్క దినం కూడా తక్కువ కాలేదు. ఆ తొమ్మిదిమందికి మూడో ఏడు ఒక్కసారే వచ్చింది, నేను మేడ మీద నిలబడి మాట్లాడుతుండగా అది గడిచిపోయింది.